రెండు నట్లు

"మేడమ్, అది ఎందుకు వణుకుతోందో తెలిసిందా?"

లాకప్ తలుపు తీయగానే సెమెసా అడిగిన మొదటి మాట అది. నర్సు కుసుమ్‌ని కారుతో గుద్ది, చెరుకు తోటలో వదిలేసి పారిపోయాడని అతని మీద కేసు. మధ్యాహ్నం మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. లౌటోకా పట్నం ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడివున్న ఆ అమ్మాయి పోయిందంటే, ఇతని పిల్లలు పెద్దవాళ్లయ్యాకే బయటికి వచ్చేది. ఇతనేమో కారు ఆరోగ్యం అడుగుతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మెడ మీద కత్తి పెట్టుకుని కూర్చున్నావు. ఇంకా కారు కారు అంటావేంటయ్యా?"

"గొడవంతా కారు గురించే కదా మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "హెడ్ గాస్కెట్ కొత్తది వేశాను. అన్నీ చూసి బిగించాను. ఆదివారం స్టార్ట్ చేస్తే మలేరియా వచ్చినట్టు వణికింది. ఇరవయ్యేళ్ల సర్వీసులో నా చేతి కింద ఏ ఇంజనూ అలా చెయ్యలేదు. రెండు రోజులుగా నిద్ర లేదు."

నిద్ర లేనిది కేసు గురించి కాదట. ఇంజను మిస్సింగ్ కొడుతున్నందుకట. మనిషి పిచ్చివాడా, లేక నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాడా అన్నది నాకు తేలలేదు. డిటెక్టివ్ సార్జెంట్ అంబికా గౌండర్ అంటే ఈ జిల్లాలో దొంగలకి కాస్త భయం ఉంది. ఈ కేసులో మాత్రం నా పరిస్థితి కళ్లకు గంతలు కట్టిన గానుగెద్దులా ఉంది.

జరిగింది చెబుతాను. శుక్రవారం మసకచీకట్లో కుసుమ్ హెల్త్ సెంటర్ నుంచి డ్యూటీ దిగి, చెరుకు తోటల మధ్య రోడ్డు మీద నడిచి ఇంటికి వస్తోంది. చిన్న వంతెన దగ్గరికి వచ్చేసరికి బండి ఏదో గుద్దేసింది. చెరుకు కోసేవాళ్లు చూసి ఆస్పత్రికి చేర్చారు. రోడ్డు మీద దీపం అద్దం ముక్కలు దొరికాయి. సోమవారం మా కానిస్టేబుళ్లు షెడ్డు షెడ్డూ తిరుగుతుంటే, సెమెసా షెడ్డులో ఎడమ దీపం పగిలిన హైబ్రిడ్ కారు కనిపించింది. ముక్కలు అతికించినట్టు సరిపోయాయి. ఆ కారు ఎవరిదనుకున్నారు? కుసుమ్ మొగుడు విమలేష్‌ది. గురువారం తనే తీసుకొచ్చి సెమెసాకి రిపేరుకి ఇచ్చాడు.

మొగుణ్నే ముందు అనుమానించడం మా వృత్తిలో ఉన్న జబ్బు. నేనూ అనుమానించాను. కానీ చీకటి పడేసరికి అతను ఇంటి గేటు దగ్గర నిలబడి భార్య కోసం ఎదురుచూస్తున్నాడని పక్కింటి రేవన్ చెప్పాడు. అంతకన్నా పెద్ద అడ్డు ఇంకోటి ఉంది. గురువారం నుంచి ఆదివారం దాకా ఆ ఇంజను సగం విప్పి ఉందని, ఆ కారు కదిలే ప్రసక్తే లేదని సెమెసా ప్రమాణం చేసి చెబుతున్నాడు.

కదలని కారు మనిషిని ఎలా గుద్దింది? ఆ ప్రశ్న దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

"శుక్రవారం సాయంత్రం ఎక్కడున్నావు? మళ్లీ చెప్పు," అన్నాను.

"పొద్దు వాలుతుంటే పని ఆపేశాను. విశ్రాంతి దినం మొదలైపోతుంది కదా. చేతులు కడుక్కుని, చెరుకు రైలు పట్టాల వెంట నడుచుకుంటూ ఇంటికి పోయాను."

"దారిలో ఎవరైనా చూశారా?"

"దేవుడు చూశాడు."

"ఆయన్ని కోర్టుకి పిలవలేం కదయ్యా!"

సెమెసా చిన్నగా నవ్వాడు. సబ్బాతు పాటించే సంఘం మనిషి. శుక్రవారం సూర్యుడు దిగాడంటే శనివారం సూర్యుడు దిగేదాకా పానా ముట్టడు. ఊరంతా గిన్నె చుట్టూ చేరి, మత్తిచ్చే వేరు రసం గ్రోగ్ తాగుతుంటే, నీళ్లు తాగి వచ్చే రకం. ఈ సంగతి మా ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు.

"ఆదివారం దీపం పగిలివుండటం చూశావు కదా? మరి ఎందుకు చెప్పలేదు?"

"షెడ్డు వెనక గుర్రాలు కడతారు మేడమ్. ఏదో తన్నిందనుకున్నాను. నా ధ్యాసంతా ఆ వణుకు మీదే ఉంది."

కోపం వచ్చింది, జాలీ వచ్చింది. రెంటినీ మింగేసి తలుపు మూసి, నేరుగా లౌటోకా వెళ్లాను.

* * *

విమలేష్ ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. చెరుకు రైతుల సంఘంలో గుమాస్తా. మూడు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. ఒడిలో భార్య చెప్పుల సంచి ఉంది. పక్కన రోటీ పొట్లం విప్పకుండా అలాగే పడివుంది.

"డాక్టర్లు ఏమంటున్నారు తమ్ముడూ?"

"చూద్దాం అంటున్నారు అక్కా. ఆ మాట తప్ప ఇంకోటి రాదు వాళ్ల నోట్లోంచి."

"కాస్త తిను."

"దిగట్లేదు."

"శుక్రవారం కారు ఇస్తానని సెమెసా చెప్పాడా?"

"సాయంత్రానికి అయిపోతుందన్నాడు." సంచి పట్టుకున్న వేళ్లు బిగిశాయి. "కారు ఉంటే నేనే వెళ్లి తీసుకొచ్చేవాణ్ని. రోజూ తీసుకొస్తాను. ఆ రోడ్డు మీద దాన్ని ఒంటరిగా ఏనాడూ నడవనివ్వలేదు."

నేను ఆగాను. అతను ఆగలేదు.

"వాణ్ని వదలకండక్కా. మనిషి అడ్డొస్తే కనబడదా? రోడ్డు మీద చూపుంటే కదా! వెధవ, డాష్‌బోర్డులో దీపాలు చూస్తూ కూర్చునుంటాడు. కనీసం దిగి చూడాలి కదా! దిగి ఒక్కసారి చూసుంటే..."

రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని వీపు నిమిరి లేచాను. మనిషి ఇంత విరిగిపోయి ఉంటే, ఇంకా ఏం అడగడానికి నోరు వస్తుంది?

* * *

స్టేషన్ యార్డులోకి వచ్చేసరికి ఇన్‌స్పెక్టర్ నైవలు నా కోసం కాచుకుని ఉన్నాడు. ఈ కేసు కోసమే రాజధాని సువా నుంచి దిగాడు. బూట్లలో ముఖం చూసుకోవచ్చు, అంతగా మెరుస్తాయి. నవ్వాడంటే అవతలివాడికి కాలిందనే లెక్క.

"గౌండరమ్మా! ముద్దాయిని యార్డులోకి తెమ్మన్నావట. కారు కడిగిస్తావా ఏంటి?"

"ఇంజను చూపిస్తాను సార్. ఆ వణుకు ఎందుకో తేలాలి."

"వణుకు దేనికి తేలాలమ్మా? కేసు తేలిపోయింది కదా. శుక్రవారమే రిపేరు ముగించాడు. ట్రయలుకి రోడ్డెక్కించాడు. గుద్దాడు. భయపడి షెడ్డులో పెట్టేసి, ఇంజను విప్పి ఉందని కథ అల్లాడు. అంతేగా!"

అతని మాటలో ఒక్క కన్నం కూడా కనిపించలేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. నిజం చెప్పాలంటే, నేను అతని స్థానంలో ఉన్నా అదే రాసేదాన్ని.

"మరి ఇంజను ఎందుకు వణుకుతోంది సార్?"

"మనిషిని గుద్దితే వణకదా?"

"గుద్దింది బంపరు. ఇంజను మీద గీత కూడా పడలేదు."

"నువ్వు డిటెక్టివ్‌వా, మెకానిక్‌వా?"

"మా నాన్న బస్సుల షెడ్డులో పుట్టి పెరిగాను. రెండూ అనుకోండి."

"భోజనాల వేళ దాకా టైమిస్తున్నాను," అంటూ కారు తలుపు తీసి తనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. "ఏదీ, నీ వణుకేంటో చూద్దాం." పవర్ బటన్ నొక్కాడు. ఏ చప్పుడూ లేదు. గేరు రివర్సులోకి లాగి చూశాడు. "ఇది స్టార్టే కావట్లేదు!" అని విసుక్కుంటూ బ్రేకు మీద కాలు తీశాడు.

కారు పిల్లిలా వెనక్కి నడిచింది. కానిస్టేబుల్ మరికా టీ బల్ల దగ్గర నుంచి కెవ్వుమని గెంతింది. రెండు కప్పులు నేల మీద పడి పగిలాయి. నైవలు బ్రేకు తొక్కిన తర్వాత, తీరిగ్గా, ఇంజను తనంతట తానే లేచింది. లేస్తూనే కారంతా గజగజ వణికింది. అద్దాలు టకటకా కొట్టుకున్నాయి.

"ఏం బండిరా బాబూ ఇది! చెప్పాపెట్టకుండా కదులుతుంది, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు మొరుగుతుంది!"

"హైబ్రిడ్ అంతే సార్," అన్నాడు సెమెసా, చేతికి సంకెళ్లతోనే. "ముందు బ్యాటరీ మీద పోతుంది. కావాలనుకున్నప్పుడు ఇంజన్ని అదే తిప్పి లేపుకుంటుంది. మన చేతిలో ఏం లేదు."

ఆ మాట నా చెవిలో పడింది కానీ బుర్రకి ఎక్కలేదు. అప్పటికి నా ధ్యాసంతా వణుకు మీదే ఉంది.

వెతుకులాట మొదలుపెట్టాం. సంకెళ్లు ఒక చేతికే ఉంచి రెండోది మరికా పట్టుకుంది. స్కానర్ తగిలిస్తే నాలుగు సిలిండర్లూ మిస్సింగ్ అని చూపించింది. ఒక్కటైతే ప్లగ్గో కాయిలో అనుకోవచ్చు. నాలుగూ ఎలా పోతాయి? ప్లగ్గులు తీసి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. కాయిళ్ల వైర్లు తారుమారు చేశాడేమో చూశాను, లేదు. గాలి పీల్చే గొట్టం ఎక్కడైనా వదులుగా ఉందేమోనని సబ్బు నీళ్లు చల్లి చూశాను, అదీ లేదు. కొత్త గాస్కెట్ దాటి నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నాయేమోనని చూస్తే, పొడిగా ఉంది. ఒక్కో తలుపు తెరవడం, వెనక గోడ కనబడటం. చెమటకి యూనిఫాం వీపుకి అంటుకుపోయింది. నైవలు నీడలో నిలబడి బొప్పాయి ముక్కలు తింటూ, ఈ తమాషా అంతా చూస్తున్నాడు.

"కొండని తవ్వుతున్నావమ్మా. కనీసం ఎలకైనా దొరుకుతుందా?"

"పై మూత విప్పుదాం," అన్నాను సెమెసాతో.

అతని ముఖం మారిపోయింది. "కవాటాలు తిప్పే చెయిన్ చూస్తారా? అవసరం లేదు మేడమ్. దాన్ని నేను గుర్తుల మీదే కూర్చోబెట్టాను. లింకు మీద తెల్ల పెయింటు చుక్క, పళ్ల చక్రం మీద ఇంకో చుక్క. శుక్రవారం చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పి మళ్లీ చూసుకున్నాను."

"అయినా విప్పు."

మూత లేచింది. ఇంజన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, చుక్కలు ఎదురుపడే దాకా ఆగాం. అవి ఎదురుపడలేదు. లింకు మీది చుక్క చక్రం మీది చుక్కని దాటి, రెండు పళ్లు అవతల నిలబడింది. కవాటాలు తెరవాల్సినప్పుడు తెరవకుండా, మూయాల్సినప్పుడు మూయకుండా ఉంటే, నాలుగు సిలిండర్లూ ఊపిరాడక తన్నుకోవూ మరి?

సెమెసా కళ్లలో నీళ్లు తిరిగాయి. లాకప్‌లో పెట్టినప్పుడు రాని నీళ్లు అవి.

"నా చేత్తో పెట్టాను మేడమ్... కరెక్టుగా పెట్టాను... ఇలా ఎలా..."

"హమ్మయ్య!" నైవలు చేతులు తుడుచుకున్నాడు. "అబద్ధాలకోరే కాదు, పని కూడా రాదని తేలిపోయింది. పద, కోర్టుకి టైమవుతోంది."

"ఒక్క నిమిషం సార్." నాకు దారి దొరకలేదు కానీ, కాలికి ఏదో తగిలినట్టుంది. "సెమెసా, ఏడుపు తర్వాత. శుక్రవారం పొద్దు వాలేసరికి ఏమేం అయిపోయాయి? ఒక్కొక్కటే చెప్పు."

"అన్నీ అయిపోయాయి. హెడ్ బిగించాను. చెయిన్ వేశాను. మూతలు వేశాను. నీళ్లు, ఆయిలు పోశాను. బ్యాటరీ వైరు కూడా కలిపేశాను, స్టార్ట్ చేసి చూసుకుని ఇచ్చేద్దామని."

"మరి ఎందుకు ఇవ్వలేదు? ఇంజను సగం విప్పి ఉందన్నావు కదా?"

"టెన్షనర్ మిగిలింది." బొటనవేలంత ముక్కని చూపుడు వేలితో చూపించాడు. ఇంజను వెనక పక్క, బయటి నుంచే బిగించేది. "చెయిన్ వదులవకుండా లోపలికి నొక్కి పట్టే ముక్క ఇది. రెండు నట్లతో కూర్చుంటుంది. ఒక నట్టు చేజారి బల్ల కిందికి దొర్లిపోయింది. వెతుకుతుంటే సూర్యుడు దిగిపోయాడు. నట్టు దొరికింది కానీ సమయం దాటిపోయింది. ముక్కనీ నట్లనీ డబ్బాలో పెట్టి, బోనెట్ దించి వెళ్లిపోయాను. ఆదివారం వచ్చి బిగించాను."

నైవలు పగలబడి నవ్వాడు. "రెండు నట్లా! రెండు నట్ల కోసం పని ఆపేసి ఇంటికి పోయాడట! ఈ కథ మేజిస్ట్రేటు నమ్ముతాడా గౌండర్?"

"మీ ఊళ్లో నమ్మరేమో సార్. ఇక్కడ చిన్నపిల్లాడు కూడా నమ్ముతాడు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇందాక బుర్రకెక్కని మాట ఇప్పుడు ఎక్కుతోంది. *ఇంజన్ని అదే తిప్పి లేపుకుంటుంది. మన చేతిలో ఏం లేదు.*

"సెమెసా, టెన్షనర్ లేకుండా ఇంజను తిరిగితే ఏమవుతుంది?"

"చెయిన్ వదులుగా ఉండి పళ్ల మీద గెంతుతుంది. కానీ ఎవరు తిప్పుతారు మేడమ్? నేను లేను కదా."

"ఆ ముక్క కూర్చునే కన్నంలోంచి ఆయిలు కారుతుందా?"

"కారడమేంటి, పిచికారీ కొడుతుంది..." అంటూ ఆగిపోయాడు. "ఆదివారం చూస్తే ఆయిలు తక్కువుంది. ఇంజను వెనకంతా తడి. శుక్రవారం తొందరలో నేనే ఒలకబోశాననుకుని, తుడిచేసి మళ్లీ పోశాను."

మరికాని ఫోటోలు తెమ్మన్నాను. శుక్రవారం రాత్రి ప్రమాద స్థలంలో తీసినవి. వాటిలో ఒకదాంట్లో వంతెన ఎక్కే చోటి నుంచి అద్దం ముక్కల దాకా రోడ్డు మీద నల్లటి ఆయిలు చార ఉంది. చెరుకు లారీ కార్చిందని మేమెవరమూ పట్టించుకోలేదు.

"సార్, ఇటు చూడండి," అన్నాను. "ఈ కారు శుక్రవారం కదిలింది. మీరన్నది నిజం. ఇంజను పూర్తి కాలేదు. సెమెసా అన్నదీ నిజం. ఎవరో వచ్చారు. బోనెట్ దించి ఉంది, కారు తాళంచెవి షెడ్డులో మేకుకి వేలాడుతోంది, మెకానిక్ ఇంటికెళ్లిపోయాడు. పని అయిపోయిందనుకున్నారు. బటన్ నొక్కితే బ్యాటరీ మీద చప్పుడు లేకుండా కదిలింది, ఇందాక మీ కింద కదిలినట్టే. వంతెన ఎక్కేటప్పుడు బలం చాలక, ఇంజన్ని తనే తిప్పి లేపింది. చెయిన్ గెంతింది. ఆయిలు చిమ్మింది. కారు వణికిపోయింది."

నైవలు నవ్వు ఆగింది. "అది ఇతనే అయ్యుండొచ్చుగా?"

"ఆ టెన్షనర్ లేదని తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే సార్. అది లేకుండా ఇంజను తిరిగితే ఏమవుతుందో తెలిసినవాడూ అతనే. ఎవరైనా ఆ బటన్ నొక్కి ఉండొచ్చు. సెమెసా మాత్రం నొక్కడు."

నైవలు ఫోటో తీసుకుని, వెలుగుకి తిప్పి, చాలాసేపు చూశాడు. పొగరుబోతే కానీ మూర్ఖుడు కాడు.

"అద్దం ముక్కలు దాటాక ఆయిలు లేదు," అన్నాడు చివరికి. "గుద్దిన చోటే వెనక్కి తిరిగాడు."

"అవును సార్."

"ఆ రోడ్డు ఎక్కడికి పోతుంది?"

జవాబు నాకు తెలుసు. పొద్దున ఆస్పత్రి వరండాలో విన్న మాట ఒకటి ఇప్పుడు గుర్తొచ్చింది.

"హెల్త్ సెంటర్‌కి," అన్నాను. "అక్కడితో ఆఖరు. నర్సులు డ్యూటీ దిగే వేళ ఆ రోడ్డు మీద వెళ్లాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది సార్?"

నైవలు నా ముఖం చూశాడు. సంకెళ్ల తాళంచెవి తీసి, మరికా చేతిలో పెట్టాడు.

సెమెసా మణికట్టు రుద్దుకుంటూ అలాగే నిలబడ్డాడు. ముఖంలో సంతోషం లేదు. "రెండే నట్లు మేడమ్," అన్నాడు. "పొద్దు దిగినా బిగించేసి ఉంటే, ఆ అమ్మాయి..."

"నోర్మూసుకుని ఇంటికి పో," అన్నాను. అంతకంటే ఓదార్పుగా మాట్లాడటం నాకు ఆ క్షణంలో చేతకాలేదు.

* * *

విమలేష్ అదే బెంచీ మీద ఉన్నాడు. రోటీ పొట్లం చుట్టూ ఈగలు ముసురుతున్నాయి. నన్ను చూసి లేవబోయాడు, వెనక నైవలుని చూసి ఆగిపోయాడు.

"కోర్టు అయిపోయిందా అక్కా? వాడికి ఏం వేశారు?"

అతని పక్కన కూర్చున్నాను. ఎన్నో రకాలుగా అడగొచ్చు. దారంతా ఎలా అడగాలా అని ఆలోచిస్తూనే వచ్చాను. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది.

"డాష్‌బోర్డులో ఎన్ని దీపాలు వెలిగాయి విమలేష్?"

"అన్నీ," అన్నాడు.

అన్నాక తనే విన్నాడు ఆ మాట. నైవలు ముందుకి అడుగేయబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"నీకు ఎలా తెలుసు తమ్ముడూ? ఆదివారం దాకా ఆ కారులో ఎవరూ కూర్చోలేదు కదా?"

మాటలు మొదలయ్యాక అతను ఇక ఆగలేదు.

"దాన్ని తీసుకొద్దామని వెళ్లానక్కా. సెమెసా లేడు. పొద్దు దిగింది, ప్రార్థనకి పోయుంటాడులే అనుకున్నాను. పని మిగిల్చి పోయే మనిషి కాదు కదా. బోనెట్ దించి ఉంది. తాళంచెవి మేకుకే ఉంది. బాగానే నడిచింది. వంతెన ఎక్కుతుంటే ఒక్కసారిగా ఇంజను పేలినంత చప్పుడు. ఎర్రవి, పచ్చవి, అన్ని దీపాలూ వెలిగాయి. కాలిన వాసన. తగలబడుతుందేమోనని కిందికి చూశాను. అంతలో ఏదో తగిలింది. చెరుకులోకి తెల్లగా పడింది."

"ఆపలేదా?"

"రేవన్ మేకలు అక్కడే కడతాడక్కా. తెల్ల మేకలు." చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు. "మేక అనుకున్నాను. రేవన్‌కి రేపు చెప్పుకుందాం, ముందు కారు షెడ్డులో పెట్టేద్దాం, చెప్పకుండా తీసుకెళ్లి పాడుచేశానని సెమెసా అంటాడని... వెనక్కి తిప్పేశాను. ఇంటికొచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. ఇంకా రాలేదేంటి, ఇంకా రాలేదేంటి అని. నిజంగా ఎదురుచూశానక్కా! మీ వాళ్లు వచ్చి చెప్పేదాకా నాకు తెలీదు. తెల్ల చీరలో ఉంది అన్నారు. అప్పుడు..."

"అప్పుడు సెమెసా దొరికాడు," అన్నాను.

"వాడే చేశాడేమో అనుకోవాలని ఎంత చూశానో. రాత్రంతా అదే అనుకుంటూ కూర్చున్నాను. కాసేపు నిజంగానే నమ్మాను."

నాకు అతన్ని కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనీ అనిపించింది. మూడు రోజులుగా వెతికిన జవాబు చేతికొచ్చాక ఏం చేసుకోవాలో తెలియలేదు. నైవలు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అతనికీ తెలిసినట్టు లేదు.

అప్పుడే వార్డు తలుపు తోసుకుని నర్సు పరుగున వచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"విమలేష్ గారూ! కళ్లు తెరిచిందండీ! మాట్లాడుతోంది కూడా. అర్థం కావట్లేదు కానీ ఒకటే మాట అంటోంది. 'మన బండే కదా అని రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఊపాను, ఆయన చూడలేదా?' అని. ఎవరి గురించో మీకేమైనా తెలుసా?"

విమలేష్ ఒడిలోంచి సంచి జారి, చెప్పులు రెండూ నేల మీద పడ్డాయి. వాటిని ఏరుకోవడానికి వంగినవాడు మళ్లీ లేవలేదు.

నైవలు నడుముకున్న సంకెళ్లు విప్పాడు. నా వైపు చూశాడు. మళ్లీ తగిలించుకున్నాడు.

నేను చెప్పులు తీసి విమలేష్ చేతిలో పెట్టాను. "లే," అన్నాను. "ముందు లోపలికెళ్లి ఆమె అడిగినదానికి జవాబు చెప్పు. మేం ఇక్కడే ఉంటాం."